గొడ్లకని చెప్పిన కందులు

మేము అంగడి కోసం అద్దెకు తీసుకున్న గదిలో అంతకుముందు పురుగుమందులు అమ్మేవాళ్ళు. కంబదూరులో బస్సులు ఆగే చోటికి అంత దగ్గరగా గది దొరకడమే అదృష్టం అన్నాడు మా ఆయన. అదృష్టమే, కాదనను. కానీ షట్టరు ఎత్తగానే ఆ వాసనకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి. రెండుసార్లు సున్నం కొట్టించాను. సోడాపొడి చల్లి నేలంతా నా చేతులతో నేనే తోమాను. వారం రోజులు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా షట్టరు ఎత్తిపెట్టి, ఇంట్లో ఉన్న టేబుల్ ఫ్యాను తెచ్చి గది మధ్యలో తిప్పాను. అయినా మూలకు వెళ్ళి గట్టిగా పీలిస్తే ఎక్కడో సన్నగా తగిలేది. అప్పుడు మా అత్త చెప్పిందని మూడు పూటలా సాంబ్రాణి వేయడం మొదలుపెట్టాను. దారినపోయేవాళ్ళు తొంగి చూసి, "ఏమక్కా, ఇది అంగడా, గుడా?" అని నవ్వుకుంటూ పోయేవాళ్ళు.

నాకు నోరు కాస్త ఎక్కువ. శుభ్రం పిచ్చి అంతకంటే ఎక్కువ. కల్యాణదుర్గంలో ఒక పెద్ద కిరాణా అంగట్లో ఆరేళ్ళు పొట్లాలు కట్టాను. పొద్దున్నే బస్సెక్కి పోవడం, రోజంతా నిలబడి పప్పులూ బెల్లమూ తూచడం, సాయంత్రం కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరడం. ఆ ఆరేళ్ళలో నాకు పట్టుబడిన విద్య ఒక్కటే. సరుకు చూడగానే అది ఏ వైపు నుంచి పాడవుతుందో చెప్పేస్తాను. బియ్యం బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, లోపల వెచ్చగా తగిలితే పురుగు మొదలైందని తెలుసుకుంటాను. చింతపండు బుట్టను గోడకు ఆనించి పెడితే నాకు ఒళ్ళు మండుతుంది. నా సొంత అంగడైతే ఇది ఇక్కడ పెట్టను, అది అక్కడ పెట్టను అని ఆరేళ్ళూ మనసులోనే సర్దుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చి అదే పాట మా ఆయన దగ్గర పాడేదాన్ని. ఆయన ఆటో తోలతాడు. పొద్దంతా ఆటో చప్పుడు, ఇంటికొస్తే నా చప్పుడు. "నీ అంగడేందో నువ్వు పెట్టుకో, నన్ను ఇడిసిపెట్టు తల్లీ," అన్నాడు చివరికి. అంతకంటే ప్రేమగా చెప్పినా నేను అంత సంతోషపడేదాన్ని కాదు.

తిండి సరుకులు అమ్మాలంటే ఆహార భద్రత వాళ్ళ రిజిస్ట్రేషన్ కాగితం ఉండాలి. ఆన్‌లైన్‌లో అప్లికేషన్ పెట్టాం. చిన్న అంగళ్ళకు ఒక్కోసారి ఎవరూ వచ్చి చూడకుండానే ఆ కాగితం వచ్చేస్తుందట. మాకు మాత్రం ఫోను వచ్చింది. ఆ గదిలో ముందు ఏముండేది అని అడిగితే, నేను ఉన్నదున్నట్టు పురుగుమందుల దుకాణం అనేశాను. పక్కనే ఉన్న మా ఆయన తల పట్టుకున్నాడు. "అయితే మేం వచ్చి చూసుకున్నాకే ఇస్తామమ్మా," అని ఫోను పెట్టేశారు. అప్పటికే అయ్యవారి దగ్గర శుక్రవారం పొద్దున పది గంటలకు ముహూర్తం పెట్టించుకున్నాం, ఊరంతా చెప్పుకున్నాం. దిష్టికి బూడిద గుమ్మడికాయ కూడా తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాం. సోమవారం వస్తామని వాళ్ళు చెప్పారు. అంటే ముహూర్తంలోగా కాగితం చేతికి రావడానికి నాలుగు రోజులే గడువు.

ఇక మా అత్త గురించి, ఆమె కందుల గురించి చెప్పాలి.

మా మామ పోయాక చేను చూసుకునేది ఆమే. ఎర్రమన్ను చేను, వానే దిక్కు. శనక్కాయ వేసి, మధ్య మధ్య సాళ్ళలో కంది వేస్తాం. ఆ ఏడు శనక్కాయ ఊడలు మన్నులోకి దిగే సమయానికి వాన మొఖం చాటేసింది. కాయలు రాలేదు, గొడ్లకు మేతగా శనక్కట్టె మాత్రం మిగిలింది. కంది మాత్రం మొండిగా నిలబడి, ఆలస్యంగా పడిన ఒక్క వానకు కాసింది. ఒక డ్రమ్ముకు సరిపడా కందులు ఇంటికొచ్చాయి. వాటికి ఆమె ఎప్పటిలాగే మన్ను కట్టింది.

మన్ను కట్టడమంటే, మా చేని ఎర్రమన్నునే జల్లెడ పట్టి, నీళ్ళలో కలిపి పలచటి బురదలా చేసి, కందులకు పట్టిస్తారు. కుప్పగా పోసి ఒక పూట గోనెసంచి కప్పి ఉంచుతారు. తరవాత ఎండలో గలగలమనేదాకా ఎండబెడతారు. అట్లా మన్ను కట్టిన కందుల్ని పురుగు ముట్టదు. ఏ మందూ అక్కర్లేదు. కావాల్సినప్పుడు ఇసుర్రాయిలో వేసి విసిరితే పొట్టు సులువుగా వదిలేస్తుంది. పప్పు తొందరగా ఉడుకుతుంది, కమ్మగా ఉంటుంది. మా వైపు పప్పును బ్యాళ్ళు అంటాం. మా అత్త చేసే కందిబ్యాళ్ళ కోసం వీధిలో వాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్ళు.

అంగడి పెడుతున్నామని తెలిసిన రోజు నుంచే ఆమె ఆ డ్రమ్ము మీద కన్నేసి ఉంచింది. "ఈ ఏడు నా కందులు అంగటికే," అని వీధంతా చెప్పింది. నేను అది కుదరదని మెల్లగా చెప్పి చూశాను.

"ఎర్రగుంటాయి అత్తా. చూసేవాళ్ళు ఏమన్నా అనుకుంటారు."

"ఏమనుకుంటారు? ఎర్రమన్ను ఎర్రగుండక పచ్చగుంటాదా? నా కందులు ల్యాకుండా అంగడేందమ్మే, పేరుకా?"

ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. మా ఆయన నీలం రంగు డ్రమ్మును ఆటోలో వేసుకొచ్చి దించాడు. నేను దాన్ని వెనక మూలకు, బియ్యం బస్తాల చాటుకు జరిపించాను. ఎందుకు అంత వెనక్కి అని ఆమె అడిగితే, ముందర చోటు లేదన్నాను. చోటు ఉంది.

సోమవారం ఆఫీసు జీపు వస్తుందని ఎదురుచూస్తుంటే, ఇన్‌స్పెక్టరమ్మ బస్సు దిగి నడిచి వచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. భుజాన సంచి, చేతిలో కాగితాలు పెట్టి రాసుకునే అట్ట, దుమ్ముకు మొఖం చుట్టూ కట్టుకున్న చున్నీ. మాట వింటే కోస్తా వైపు మనిషని తెలుస్తోంది. అనంతపురం ఆఫీసు నుంచి వచ్చానని చెప్పి, కార్డు చూపించింది. నీళ్ళు తాగండి మేడం అని చెంబు అందిస్తే, వద్దని తన సంచిలోని సీసా తీసుకుని తాగింది. నా ధైర్యం సగం అక్కడే పోయింది.

మా అత్త గడప దగ్గర చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ కూర్చుంది. అంగడికి ఇంటిమనిషి ఒకరు కాపలా ఉండాలని ఆమె పట్టుదల.

ఇన్‌స్పెక్టరమ్మ లోపలికి రాగానే గది మధ్యలో నిలబడి గట్టిగా గాలి పీల్చింది. నేను పీల్చడం మానేశాను. మూలకు వెళ్ళింది, గోడకు ముక్కు దగ్గరగా పెట్టి మళ్ళీ పీల్చింది.

"మందుల వాసన పోయింది," అంది. నేను గాలి వదిలేలోపే, "కానీ ఇంత సాంబ్రాణి ఎందుకు వేశారమ్మా? బియ్యానికి పట్టేస్తే ఎవరు కొంటారు?" అంది. గడప దగ్గర చాట చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

అక్కడి నుంచి ఒక్కొక్కటే చూసింది. బస్తాల కింద చెక్కలు ఉన్నాయా, గోడకూ బస్తాకూ మధ్య జానెడు సందు ఉందా, చెత్తబుట్టకు మూత ఉందా. అన్నీ ఉన్నాయి. బిస్కెట్ పొట్లాలు తిరగేసి తేదీలు చూసింది. నేను పెద్దాసుపత్రిలో తెచ్చుకున్న డాక్టరు సర్టిఫికెట్ చూసింది. సబ్బులూ ఫినాయిలూ టీపొడికి దూరంగా కింది అరలో పెట్టి ఉండటం చూసి, "ఎక్కడైనా పని చేశారా ఇంతకు ముందు?" అని అడిగింది. ఆరేళ్ళు చేశానన్నాను. "తెలుస్తోంది," అంది. ఆ ఒక్క మాటకు నేను అడుగు ఎత్తు పెరిగాను. బయట నీళ్ళు పోయే పైపుకు జాలీ లేదని, ఎలుకలు వస్తాయని, అది మాత్రం వేయించమంది. అంతేనా అనుకున్నాను. ఇక అయిపోయింది, సంతకం పెట్టడమే అనుకుంటూ ఉంటే, ఆమె బియ్యం బస్తాల వెనక్కి వంగి చూసింది.

"ఆ డ్రమ్ములో ఏముంది?"

మూత నేను తీయాల్సి వచ్చింది. పైన ఎండిన వేపాకు, దాని కింద ఎర్రెర్రటి కందులు. ఆమె ఒక గుప్పెడు తీసుకుని రెండు వేళ్ళ మధ్య నలిపింది. వేళ్ళు ఎర్రబడ్డాయి. తెల్ల కాగితం మీద రాస్తే కాగితం ఎర్రబడింది.

"ఏంటమ్మా ఇది? రంగు వేశారా?"

నేను చెప్పాల్సింది రెండే రెండు మాటలు. మన్ను కట్టిన కందులు మేడం, మా ఇంట్లో తినేవే. అంతే. కానీ ఆమె గొంతులో రంగు అన్న మాట వినగానే నా బుర్ర పనిచేయడం మానేసింది. కల్తీ, కేసు, శుక్రవారం, గుమ్మడికాయ, అన్నీ ఒకేసారి కళ్ళ ముందు తిరిగాయి.

"అవి మనుషులకు కాదు మేడం," అనేశాను. "గొడ్లకు."

చాట చప్పుడు ఆగిపోయింది. ఈసారి మళ్ళీ మొదలుకాలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ నా వైపు వింతగా చూసింది. "గొడ్లకా? పశువుల దాణా, మనుషుల తిండి ఒకే గదిలో పెడతారా ఎవరైనా? ఇన్ని తెలిసిన మీకు అది తెలీదా?" అంది. అట్ట మీద ఏదో రాసింది. దాణా డ్రమ్ము తీసేయాలి, పైపుకు జాలీ వేయించాలి, ఆ రెండూ అయ్యాకే కాగితం. "గురువారం ఇటే వస్తాను. అప్పుడు చూస్తాను," అని కాగితం చింపి నా చేతిలో పెట్టింది. నిజం చెప్పి ఉంటే తప్పయ్యేదో కాదో నాకు తెలియదు. అబద్ధం మాత్రం అక్కడికక్కడే తప్పయి, కాగితం మీదికి ఎక్కింది.

ఆమె బస్సెక్కాక వెనక్కి తిరిగి చూస్తే, మా అత్త లేచి నిలబడి చీర దులుపుకుంటోంది. చాటను లోపలికి తెచ్చి బల్ల మీద పెట్టింది. ఏరిన బియ్యం ఒక పక్క, ఏరనివి ఒక పక్క, పద్ధతిగా ఉన్నాయి. ఒక్క మాట అనకుండా ఇంటి దారి పట్టింది. ఆమె తిట్టి పోయుంటే నేనూ నాలుగు అనేదాన్ని, సాయంత్రానికి ఇద్దరం కలిసి సంగటి తినేవాళ్ళం. మాట్లాడకుండా పోవడం ఆమెకు అలవాటు లేదు, నాకూ అలవాటు లేదు.

మా ఆయన డ్రమ్మును మళ్ళీ ఆటోలో వేసుకుని ఇంటికి చేర్చాడు. నేను ఇల్లు చేరేసరికి మా అత్త బర్రె ముందు నిలబడి ఉంది. నన్ను చూసి, డ్రమ్ము మూత తీసి, దోసిలి నిండా కందులు తీసుకుని బర్రె మూతి దగ్గర పట్టింది.

"తిను తల్లీ, తిను. నీకేనంట. అంగడామె చెప్పింది."

బర్రె వాసన చూసి, నాలుకతో ఒక్క చుట్టు చుట్టి నోట్లో వేసుకుంది. కందులు దానికి ఎప్పుడు దొరుకుతాయి గనక. "చూసినావా, ఇదన్నా ఒప్పుకునింది," అంది మా అత్త, నాతో కాదు, బర్రెతో. మా ఆయనకు నవ్వొచ్చింది. నా మొఖం చూసి ఆటో తుడిచే నెపంతో బయటికి పోయాడు.

"అత్తా, భయపడి నోటికొచ్చింది అనేసినా," అన్నాను.

"నోటికి రాలే. నీ మనసులో ఉండాది, అదే వచ్చింది. నా చేత్తో చేసింది పెద్దోళ్ళకు చూపీడానికి నీకు సిగ్గయింది. అందుకే గదా బస్తాల ఎనకాల దాపెట్నావు?"

ముందర చోటు లేదన్న నా మాట ఆమె ఒక్క క్షణం కూడా నమ్మలేదన్నమాట. ఆమె అన్నది నిజం.

మంగళవారం పైపుకు జాలీ వేయించాను. అరలు మళ్ళీ తుడిచాను. సాంబ్రాణి మానేశాను. చేతులు పని చేస్తున్నాయి గానీ బుద్ధి అక్కడ లేదు. కల్యాణదుర్గం అంగట్లో కూడా పల్లెల నుంచి ఆడవాళ్ళు ఇట్లాంటి కందులే గుడ్డలో మూటగట్టుకుని తెచ్చేవాళ్ళు. వాటిని నాటు సరుకని మేం పక్కన పెట్టేవాళ్ళం. మరలో మెరుగు పెట్టి నున్నగా వచ్చిన పప్పును ముందర పెట్టేవాళ్ళం. ఆరేళ్ళు అట్లా సర్దీ సర్దీ, నున్నగా లేనిదంతా వెనక్కి జరపడం నా చేతికి అలవాటైపోయింది. సాయంత్రం ఇంటికొచ్చి మాత్రం మా అత్త విసిరిన పప్పే ఎనిపి, ముద్దలు మింగేదాన్ని. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ తింటున్నది ఆ పప్పే. నా ఇద్దరు పిల్లలకు మొదటి ముద్ద పెట్టింది ఆ పప్పుతోనే. దాన్ని పట్టుకుని గొడ్లకు అన్నాను. నాకు నిజంగా సిగ్గేసింది, ఈసారి కందుల గురించి కాదు.

బుధవారం మధ్యాహ్నం మా ఆయన అన్నానికి వచ్చినప్పుడు చెప్పాను, రేపు డ్రమ్మును మళ్ళీ అంగట్లో పెట్టాలని.

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "నీకేమన్నా పిచ్చా? తీసేయమని రాసిచ్చి పోయింది గదా ఆయమ్మ. మళ్ళీ ఆడనే కనపడితే కాగితమిస్తాదా? కాగితం ల్యాకుండా శుక్రారం ఏం తెరుస్తావు?"

"ఇయ్యకపోతే మళ్ళీ అడుగుతా."

"ముహూర్తం?"

"ఇంగోటి పెట్టించుకుందాం."

"గుమ్మడికాయ?"

"అది చెడిపోదులే."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, "మీ అత్తాకోడళ్ళ మధ్యన నా ఆటో అరిగిపోతాంది," అన్నాడు. అంటే సరేనని అర్థం.

గురువారం పొద్దున మా అత్త చేనికి పోగానే డ్రమ్మును తెచ్చాం. ఈసారి బస్తాల వెనక కాదు, తక్కెడ బల్ల పక్కన, గడపలోంచే కనబడే చోట పెట్టించాను. ఆమెను అడిగి తీసుకురావాల్సింది. అడిగితే ఇచ్చేది కాదు.

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి పైపు జాలీ చూసింది, బాగుందంది. లోపలికి తిరిగేసరికి డ్రమ్ము ఎదురైంది.

"ఇదేంటమ్మా? తీసేయమన్నాను కదా?"

"నేను అబద్ధం చెప్పినా మేడం," అన్నాను. బల్ల అంచు పట్టుకున్నాను. "అవి గొడ్లకు కాదు. మేము తినేటివే. రంగు కాదు, మన్ను. పురుగు పట్టకుండా కడతాం. మీరు రంగని అంటానే భయపడి అట్ల చెప్పినా."

ఆమె అట్టను బల్ల మీద పెట్టింది. "మొన్న ఒక మాట, ఇవాళ ఒక మాట. ఏది నమ్మాలమ్మా నేను? ఇలా చెబితే అనుమానం ఇంకా పెరుగుతుంది. శాంపిల్ తీసి ల్యాబుకు పంపాల్సి వస్తుంది. ఫలితం రావడానికి రోజులు పడతాయి. మీ ఓపెనింగ్ రేపే అన్నారు కదా?"

"తీసుకపోండి మేడం. రేపు కాకపోతే ఇంగోపొద్దు."

ఆ మాట నా నోట్లోంచి వచ్చిందంటే నాకే ఆశ్చర్యంగా ఉంది. ఆరేళ్ళు ఎదురుచూసిన మనిషిని.

సరిగ్గా అప్పుడే వీధిలోంచి అరుపు వినిపించింది. మా అత్త చేను నుంచి ఎందుకో తొందరగా తిరిగొచ్చి, ఇంట్లో డ్రమ్ము లేకపోవడం చూసినట్టుంది. కొంగు నడుముకు చుట్టుకుని, కాళ్ళకున్న మన్నుతో సహా గడప దాటి లోపలికి వచ్చేసింది.

"నా డ్రమ్ము ఎవురెత్తకపోయినారు? ఈడుండాదా? ఏమమ్మే, గొడ్లకని చెప్పింది చాలక పారబోపిస్తాండావా? ఒక్క గింజ కింద పడిందంటే ఊరుకునేది ల్యా, చెప్తాండా!"

"ఎవరీమె?" అని అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ.

"మా అత్త మేడం. ఈ కందులు పండించింది, మన్ను కట్టింది ఈయమ్మే," అన్నాను.

మా అత్త అరుపు ఆగింది. నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూసింది. ఇన్‌స్పెక్టరమ్మ గొంతు తగ్గించి, "దీనికి ఏం రంగు వేశారు పెద్దమ్మా?" అని అడిగింది.

"రంగా? మా చేని మన్నుకు రంగు ఎవురెయ్యల్లమ్మా? దేవుడెయ్యల్ల," అంది మా అత్త. అని, జల్లెడ పట్టడం దగ్గర నుంచి ఎండబెట్టడం దాకా చేతులు తిప్పుతూ మొత్తం చెప్పింది. తన కాలికి అంటిన మన్ను వేలితో గీసి, "ఇదే మన్ను, చూడు," అని ఇన్‌స్పెక్టరమ్మ చేతి దాకా తీసుకెళ్ళింది. నేను కళ్ళు మూసుకున్నాను. తనిఖీకి వచ్చిన మనిషికి కాలి మన్ను చూపించే అత్త ఎంతమందికి ఉంటుంది.

ఇన్‌స్పెక్టరమ్మ నవ్వు ఆపుకోవడం కనిపించింది. "ఒక గాజు గ్లాసు ఉందా?" అని అడిగింది.

అంగట్లో ఉన్న గాజు గ్లాసు ఒక్కటే. తక్కెడ పక్కన దిష్టికని నీళ్ళు పోసి నిమ్మకాయ వేసి పెట్టినది. వేరే దారి లేక నిమ్మకాయ తీసి బల్ల మీద పెట్టి, ఆ నీళ్ళు పారబోసి, గ్లాసు కడిగి ఇచ్చాను. ముహూర్తానికి ముందే దిష్టి గ్లాసు ఖాళీ చేయడం మా అత్తకు నచ్చలేదు. ఇన్‌స్పెక్టరమ్మ గ్లాసులో తన సీసాలో మిగిలిన నీళ్ళన్నీ పోసి, గుప్పెడు కందులు వేసి, చెంచాతో తిప్పింది. నీళ్ళన్నీ ఎర్రగా అయిపోయాయి.

"రంగైతే ఇలాగే ఉండిపోతుంది. మట్టైతే అడుక్కి దిగుతుంది. చూద్దాం," అంది.

ముగ్గురం గ్లాసు చుట్టూ నిలబడ్డాం. బయట కల్యాణదుర్గం బస్సు హారను కొట్టి వెళ్ళిపోయింది. నాకు ఆ నీళ్ళు ఎంతకీ మారుతున్నట్టు కనిపించలేదు. ఒకవేళ దిగకపోతే అన్న ఆలోచన వచ్చింది. మన్నేనని నాకు తెలుసు, నా కళ్ళతో చూశాను, అయినా వచ్చింది. మా అత్తకు మాత్రం ఏ బెంగా లేదు. అన్నం ఉడికేదాకా కూర్చున్నట్టు నూనె డబ్బా మీద కూర్చుంది.

మెల్లగా గ్లాసు పై అంచున వేలెడు మందాన నీళ్ళు తేటపడ్డాయి. తరవాత రెండు వేళ్ళు. ఇన్‌స్పెక్టరమ్మ గ్లాసు కదలకుండా ఎత్తి గడప వెలుగుకు పట్టి చూసింది. పైన నీళ్ళు, అడుగున కందుల మీద ఎర్రటి పొర.

"మట్టే," అంది.

"నేను చెప్పలేదా?" అంది మా అత్త. నాకు ఏడుపు వచ్చేసింది. కొంగుతో మొఖం తుడుచుకుని, చెమటని చెప్పాను. ఆ రోజుకు అది ఆఖరి అబద్ధం.

అయితే మట్టితో ఉన్న కందుల్ని తినడానికని అమ్మకూడదని ఇన్‌స్పెక్టరమ్మ గట్టిగానే చెప్పింది. పప్పుగా విసిరి, కడిగి, బాగా ఎండబెట్టి, శుభ్రమైన పొట్లాల్లో అమ్మాలంది. "కడగకుండా మన్ను ఎవురు తింటారమ్మా?" అని మా అత్త సాగదీయబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. పొట్లం మీద సరుకు పేరు, కట్టిన తేదీ, ఎప్పటిలోగా వాడాలో ఆ తేదీ, తయారుచేసినవాళ్ళ పేరు, ఊరు రాయాలని కూడా చెప్పింది. పోతూ పోతూ గడప దగ్గర ఆగింది. సీసా నీళ్ళన్నీ గ్లాసులో పోసేసింది కదా. మా అత్త చెంబు అందిస్తే ఈసారి వద్దనకుండా తీసుకుని గటగటా తాగింది. సాయంత్రానికి రిజిస్ట్రేషన్ కాగితం మా ఆయన ఫోనుకు వచ్చింది.

అంతకుముందే, డ్రమ్మును మళ్ళీ ఇంటికి చేర్చి, మిట్టమధ్యాహ్నం నుంచే మేమిద్దరం ఇసుర్రాయి ముందు కూర్చున్నాం. ఆమె పట్టింది ఒక పక్క, నేను పట్టింది ఒక పక్క. రాయి చప్పుడే. కొంతసేపటికి, "తొందరగా తిప్పొద్దు, నూకైపోతాది," అంది. కోపం లేకుండా నాకు చెప్పిన మొదటి మాట అదే, మూడు రోజుల తరవాత. చెరిగి, కడిగి, మిద్దె మీద గుడ్డ పరిచి ఆరబోశాం. మా ఎండకు రెండు గంటలు చాలు. పది పొట్లాలు అయ్యాయి. చీటీలు నేనే రాశాను. అంగడి పేరు రాయమన్నాడు మా ఆయన. నేను రాయలేదు.

శుక్రవారం పది గంటలకు గుమ్మడికాయ కొట్టాం. నిమ్మకాయ మళ్ళీ గ్లాసులోకి చేరింది. వీధిలో వాళ్ళంతా వచ్చారు. మా అత్త పట్టంచు చీర కట్టుకుని వచ్చి, ముందరి అరలో వరసగా నిలబెట్టిన కందిబ్యాళ్ళ పొట్లాల దగ్గర ఆగింది. ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఆమెకు చదువు రాదు.

"ఏం రాసినావమ్మే దీని మింద?"

"నీ పేరు అత్తా. చేసినవాళ్ళ పేరు రాయల్ల గదా."

"యాడుండాది?"

ఆమె చూపుడువేలు పట్టుకుని పేరు మొదటి అక్షరం మీద పెట్టి, చివరి దాకా జరిపాను. ఆమె తనంతట తాను ఇంకోసారి జరిపింది. ఇంటి పేరుతో కలిపి రాశాను కాబట్టి కొంచెం పొడుగ్గానే ఉంది.

"గొడ్లకని యాడా రాయలే గదా?" అంది.

వీధిలో వాళ్ళందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను, కళ్ళు మాత్రం తడిగానే ఉన్నాయి.

తొమ్మిది పొట్లాలు ఆ పూటకే అమ్ముడుపోయాయి. పదోది మా అత్త అమ్మనివ్వలేదు. కొంగులో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయి దేవుడి గూట్లో పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది. మన్ను కడిగేసిన పప్పు కదా, పురుగు పట్టి సగం పిండైపోయింది. చీటీ మీద నేను రాసిన తేదీ దాటి రెండేళ్ళయింది. అంగట్లో అయితే ఒక్క రోజు కూడా ఉండనివ్వను, తీసి పారేస్తాను. ఇల్లు కాబట్టి నోరు మూసుకున్నాను.